ఎడిటర్ ఆగకుండా బయటి ప్రోగ్రామ్ నడపడం: విమ్‌లో మొదటి నుంచి చివరిదాకా

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఫైలు దిద్దుతూ, రాసిపెట్టిన పనుల్ని వరసగా చేయించే మేక్ ప్రోగ్రామ్ కోసం :!మేక్ అని కొట్టగానే తెర మొత్తం మేక్ చేతికి వెళ్లిపోతుంది. అది ముగిసి, ఎంటర్ నొక్కమని అడిగేదాకా ఒక్క అక్షరం కూడా కొట్టలేం. రెండు సెకన్ల పనికి ఇది ఫర్వాలేదు. నెల్లూరులో మేం చేసే అక్షరకూర్పు అలాంటి పని కాదు. తిక్కన విరాటపర్వాన్ని ప్రతిపదార్థ తాత్పర్యాలతో పుస్తకంగా కూర్చేటప్పుడు లేటెక్ అనే అక్షరకూర్పు ప్రోగ్రామ్ ఫైళ్లన్నీ చదవాలి, విషయసూచిక కోసం ఒకసారి, పద్యాల అకారాది కోసం ఇంకోసారి మొదటి నుంచి తిరగాలి. పీడీఎఫ్ చేతికొచ్చేసరికి నిమిషం దాటుతుంది. దిద్దాల్సిన అచ్చుతప్పు కళ్లముందే ఉంటుంది, కర్సర్ మాత్రం కదలదు. పక్క సీట్లో పనిచేసే కుర్రాడు తొంగిచూసి "ఏందన్నా, మళ్లా ఆగిపోయిందా?" అంటాడు. ఎడిటర్ చెడిపోలేదు, మేక్ కోసం కాచుకుని ఉందంతే. అలా కాచుకోవాల్సిన అవసరం లేదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఒక్క మాట ముందుగా. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాశాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, గుర్తులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. మేక్‌ను ఉదాహరణగా తీసుకున్నాను కానీ, దాని స్థానంలో పైథాన్ స్క్రిప్టు పెట్టినా, సీ కంపైలర్ పెట్టినా, బ్యాకప్ తీసే ఆర్‌సింక్ పెట్టినా పద్ధతి ఒకటే. ఒంగోలు, కావలి కాలేజీల్లో ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకూ ఇది అంతే పనికొస్తుంది.

## చివర & పెడితే సరిపోదా?

చాలామందికి మొదట తట్టేది ఇదే. టెర్మినల్‌లో మన కమాండ్లు అందుకునే షెల్‌లో కమాండ్ చివర & పెడితే అది వెనక నడుస్తుంది కదా, విమ్‌లోనూ :!మేక్ & అంటే పోలా? నడుస్తుంది. కానీ మేక్ పలికే ప్రతి మాటా మీరు దిద్దుతున్న పద్యం మీద వచ్చి పడుతుంది. ఫైలుకేమీ కాదు, తెర మాత్రం చిందరవందర అవుతుంది. కంట్రోల్-ఎల్ కొట్టి తెర మళ్లీ గీయించుకుంటే, మరో క్షణానికి ఇంకో నాలుగు వరుసలు వచ్చి పడతాయి.

అవుట్‌పుట్‌ను ఒక ఫైల్లోకి మళ్లిస్తే ఆ గొడవ తీరుతుంది:

```
:!మేక్ > /టెంప్/లాగ్ 2>&1 &
```

ఇక్కడ టెంప్ అన్నది లినక్స్‌లోని తాత్కాలిక ఫోల్డర్, మూడే అక్షరాలు: టి, ఎమ్, పి. ఇది పాత విమ్‌లోనైనా, ఏ లినక్స్ సర్వర్‌లోనైనా పనిచేస్తుంది కాబట్టి తెలిసి ఉండడం మంచిది. కానీ పని ఎప్పుడు ముగిసిందో ఎవరూ చెప్పరు. తప్పులున్నాయో లేదో లాగ్ తెరిచి మనమే చూసుకోవాలి. మధ్యలో ఆపాలంటే ప్రాసెస్ నంబర్ వెతుక్కోవాలి. వెనక నడపడమంటే కమాండ్‌ను వదిలేయడం ఒక్కటే కాదు. దాని మాట ఎక్కడికి చేరాలి, అది మనల్ని ఏమైనా అడిగితే ఎవరు జవాబివ్వాలి, ముగిసిన కబురు ఎలా అందాలి, వద్దనుకుంటే ఎలా ఆపాలి, ఈ నాలుగూ తేల్చుకున్నాకే వదలాలి. & గుర్తు వీటిలో ఒక్కదానికీ జవాబివ్వదు.

:మేక్ అనే విమ్ సొంత కమాండ్ ఇంకో దారి. అది తప్పులన్నిటినీ ఏరి క్విక్‌ఫిక్స్ జాబితాలో పెడుతుంది, ఒక్కొక్క తప్పు దగ్గరికి నేరుగా తీసుకెళ్తుంది. చాలా మంచి సదుపాయం. కాకపోతే అది కూడా పని ముగిసేదాకా ఎడిటర్‌ను కట్టిపడేస్తుంది. మనకు కావలసింది ఆ జాబితా, ఈ స్వేచ్ఛ రెండూ.

## మీ విమ్‌లో జాబ్ ఉందా?

2016 సెప్టెంబరులో వచ్చిన విమ్ 8.0తో జాబ్ (వెనక నడిచే పని), ఛానెల్ (దానితో మాటలు నడిచే దారి) అనే రెండు సదుపాయాలు వచ్చాయి. అంతకుముందు పాతికేళ్లపాటు విమ్‌లో ఇవి లేవు. బ్రామ్ మోలెనార్ విమ్‌ను తొలిసారి బయటికి వదిలింది 1991లో. 2023 ఆగస్టులో కన్నుమూసేదాకా ఆయనే దాని బాగోగులు చూశారు.

మీ దగ్గర ఉందో లేదో ఇలా చూడండి:

```
:ఎకో హ్యాజ్('జాబ్')
```

1 వస్తే ఉన్నట్టు. 0 వస్తే లేనట్టు. అసలు ఈ కమాండే లేదని విమ్ తప్పు చెబితే బహుశా మీది ఉబుంటుతోపాటు వచ్చే విమ్-టైనీ. అది కుదించిన రకం, అందులో జాబ్ ఉండదు. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ విమ్ అని కొట్టి పూర్తి విమ్ పెట్టుకుంటే చాలు.

## మొదటి జాబ్

```
:లెట్ జి:పని = జాబ్_స్టార్ట్(['మేక్'])
```

ఎంటర్ కొట్టిన మరుక్షణం కర్సర్ మీ చేతికి వస్తుంది. మేక్ వెనక నడుస్తూ ఉంటుంది. నడుస్తోందా అని అడగడానికి :ఎకో జాబ్_స్టేటస్(జి:పని). నడుస్తుంటే 'రన్', ముగిస్తే 'డెడ్', అసలు మొదలే కాకపోతే 'ఫెయిల్' అని వస్తుంది.

ఇక్కడ లెట్ జి:పని అనే భాగాన్ని తేలిగ్గా తీసుకోకండి. మిల్లులో వడ్లు వేసి చీటీ తీసుకున్నట్టు, జాబ్_స్టార్ట్ మనకు ఒక చీటీ ఇస్తుంది, దాన్నే జి:పని అనే పేరుతో దాచుకుంటున్నాం. దాచుకోకుండా ఉత్త కాల్ జాబ్_స్టార్ట్ అంటే ఆ చీటీ ఎవరి దగ్గరా లేదని విమ్ కొంతసేపటికి దాన్ని పారేస్తుంది. దాంతో ఆ ప్రోగ్రామ్‌తో మాటలు వచ్చిపోయే గొట్టాలు (పైపులు) మూసుకుపోయి, సగంలో ఉన్న ప్రోగ్రామ్ తప్పుతో ఆగిపోవచ్చు. చిన్న పనుల్లో ఇది బయటపడదు. పెద్ద పనుల్లో ఒకసారి నడిచి ఇంకోసారి నడవక తలనొప్పి తెస్తుంది. అందుకే జాబ్‌ను ఎప్పుడూ ఒక పేరులో దాచుకోండి.

చదరపు బ్రాకెట్లు ఎందుకో కూడా చెప్పాలి. కమాండ్‌ను ఒకే మాటగా కోట్స్‌లో ఇచ్చినా జాబ్_స్టార్ట్ తీసుకుంటుంది, కానీ దాన్ని షెల్‌కు ఇవ్వదు. లినక్స్‌లో ఖాళీల దగ్గర తుంచి నేరుగా ప్రోగ్రామ్‌ను లేపుతుంది. కాబట్టి | పైపు, > మళ్లింపు, * గుర్తు ఏవీ పనిచేయవు. జాబితాగా ఇస్తే ఫోల్డర్ పేరులో ఖాళీ ఉన్నా చెడదు. పైపులు నిజంగా కావాలంటే షెల్‌నే పిలవండి:

```
జాబ్_స్టార్ట్(['/బిన్/ఎస్‌హెచ్', '-సి', 'మేక్ 2>&1 | టీ లాగ్'])
```

విండోస్‌లో అయితే మొదటి రెండు మాటలు 'సీఎండీ', '/సి'.

## తప్పులు జాబితాలోకి రావాలి

ఇప్పుడు అసలు పని. కింది భాగాన్ని విమ్ సెట్టింగులుండే విమ్‌ఆర్‌సీ ఫైల్లో పెట్టుకోండి. ఫంక్షన్ల పేర్లు పెద్ద అక్షరంతో మొదలుకావాలన్నది విమ్ నియమం, అది మరవకండి. క్యాడ్‌ఎక్స్‌పర్ అని రాసినచోట సి, యాడ్, ఎక్స్‌పిఆర్ మూడూ కలిపి ఒకే మాటగా కొట్టాలి.

```
లెట్ జి:మళ్లీ = 0
సెట్ ఎర్రర్‌ఫార్మాట్=%ఎఫ్:%ఎల్:\ %ఎమ్

ఫంక్షన్! వరుస(ఛానెల్, మాట)
  క్యాడ్‌ఎక్స్‌పర్ ఏ:మాట
ఎండ్‌ఫంక్షన్

ఫంక్షన్! ముగిసింది(జాబ్, కోడ్)
  ఇఫ్ జి:మళ్లీ
    లెట్ జి:మళ్లీ = 0
    కాల్ పుస్తకం()
  ఎల్స్‌ఇఫ్ ఏ:కోడ్ == 0
    ఎకోఎమ్ 'పుస్తకం సిద్ధం'
  ఎల్స్
    ఎకోఎమ్ 'తప్పులున్నాయి, కోడ్ ' . ఏ:కోడ్
  ఎండిఫ్
ఎండ్‌ఫంక్షన్

ఫంక్షన్! పుస్తకం()
  ఇఫ్ ఎగ్జిస్ట్స్('జి:పని') && జాబ్_స్టేటస్(జి:పని) ==# 'రన్'
    లెట్ జి:మళ్లీ = 1
    రిటర్న్
  ఎండిఫ్
  కాల్ సెట్‌క్యూఎఫ్‌లిస్ట్([], 'ఆర్')
  లెట్ జి:పని = జాబ్_స్టార్ట్(['మేక్'], {'కాల్‌బ్యాక్': 'వరుస', 'ఎగ్జిట్_సీబీ': 'ముగిసింది', 'ఇన్_ఐఓ': 'నల్'})
ఎండ్‌ఫంక్షన్
```

వరుస అనే ఫంక్షన్‌ను మేక్ ఒక్కో లైను పలికినప్పుడల్లా విమ్ పిలుస్తుంది. మామూలు మాటైనా, తప్పు కబురైనా దానికే అందుతుంది. అది ఆ లైనును క్విక్‌ఫిక్స్ జాబితా చివర చేరుస్తుంది. క్యాడ్‌ఎక్స్‌పర్ ఎందుకు వాడానంటే అది చేర్చి ఊరుకుంటుంది. యాడ్ లేని సీఎక్స్‌పర్ అయితే కొత్త జాబితా తయారుచేసి మొదటి తప్పు దగ్గరికి దూకుతుంది. మీరు పద్యం మధ్యలో ఉండగా కర్సర్ వేరే ఫైల్లోకి దూకితే ఏం బాగుంటుంది?

ఎర్రర్‌ఫార్మాట్‌లో %ఎఫ్ అంటే ఫైలు పేరు, %ఎల్ అంటే లైను నంబరు, %ఎమ్ అంటే విషయం. ఫైలు, కోలన్, లైను, కోలన్, విషయం వరసలో వచ్చే తప్పుల్ని అది గుర్తుపడుతుంది. సెట్‌లోకల్ కాకుండా సెట్ అనే వాడండి. క్యాడ్‌ఎక్స్‌పర్ చూసేది అందరికీ ఉమ్మడిగా ఉన్న విలువనే. పైగా కబురు వచ్చే క్షణానికి మీరు ఏ ఫైల్లో ఉంటారో ఎవరికి తెలుసు?

లేటెక్ మామూలుగా తప్పుల్ని ఈ వరసలో చెప్పదు. మేక్ ఏమేం చేయాలో రాసి ఉండే మేక్‌ఫైల్లో దాన్ని పిలిచేచోట -ఫైల్-లైన్-ఎర్రర్ అని చేరిస్తే చెబుతుంది. ఇంకొకటుంది. లేటెక్‌కు ఆధారమైన టెక్ తన లైన్లను 79 అక్షరాల దగ్గర తెంపేస్తుంది. ఫోల్డర్ పేరు పొడుగైతే తప్పు కబురు రెండు ముక్కలై, విమ్ దాన్ని గుర్తుపట్టదు. మాక్స్_ప్రింట్_లైన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1000 చేస్తే ఆ బాధ పోతుంది. జాబితా ఖాళీగా ఉందని, తప్పులే లేవని సంబరపడే ముందు ఈ రెండూ సరిచూసుకోండి.

ముగిసింది అనే ఫంక్షన్ తప్పుల కిటికీని తెరవదు, అడుగున ఒక్క లైను మాత్రం చూపిస్తుంది. కావాలనే అలా రాశాను. కోపెన్ కమాండ్ కిటికీ తెరవడంతోపాటు కర్సర్‌ను కూడా అందులోకి లాక్కెళ్తుంది. వేళ్లు కీబోర్డు మీద ఉండగానే అది జరిగితే మీరు కొట్టే అక్షరాలు పద్యంలోకి కాక ఆ కిటికీలోకి పోతాయి. వెనక జరిగే పని ముందు జరిగే పనిని ఎప్పుడూ తొయ్యకూడదు. "తప్పులున్నాయి" అని కనిపించాక, చేతిలో ఉన్న పాదం పూర్తిచేసి, అప్పుడు మీరే :సీవిండో అనండి. గుర్తుపట్టిన తప్పులుంటేనే అది కిటికీ తెరుస్తుంది. :సీనెక్స్ట్‌తో ఒక్కో తప్పు దగ్గరికీ వెళ్లొచ్చు.

జి:మళ్లీ సంగతి. ఒకే ఫోల్డర్లో రెండు లేటెక్‌లు ఒకేసారి నడిస్తే రెండూ ఒకే సహాయక ఫైళ్ల మీద రాసి, సూచికలన్నీ పాడుచేస్తాయి. అందుకని పాతది నడుస్తుంటే కొత్తది మొదలుపెట్టం. అలాగని ఊరికే వదిలేస్తే మీరు ఆఖరున దిద్దిన తప్పు పీడీఎఫ్‌లోకి చేరదు. కాబట్టి "ఇంకోసారి కావాలి" అని గుర్తుపెట్టుకుని, పాతది ముగియగానే మళ్లీ మొదలుపెడతాం. ఈ ఏర్పాటు ఉంటే సేవ్ చేసినప్పుడల్లా దానంతటదే నడిచేలా ధైర్యంగా పెట్టుకోవచ్చు:

```
ఆటోసీఎండీ బఫ్‌రైట్‌పోస్ట్ *.టెక్స్ కాల్ పుస్తకం()
```

ఒక సూక్ష్మం. ప్రోగ్రామ్ ముగిసినా, అది పలికిన చివరి మాటలు కొన్ని ఇంకా దారిలో ఉండొచ్చు. అంటే ఎగ్జిట్_సీబీ పిలిచిన తర్వాత కూడా వరుసకు ఒకటి రెండు లైన్లు అందవచ్చు. మొత్తం అవుట్‌పుట్ చేరాకే ఏదైనా చేయాలంటే క్లోజ్_సీబీ వాడండి. తప్పుల్ని లెక్కపెట్టి చూపించాలనుకునేవాళ్లకు ఇది తప్పనిసరి.

## ప్రోగ్రామ్ మనల్ని ప్రశ్న అడిగితే

వెనక పెట్టిన పని ఎంతకీ ముగియట్లేదంటే నేను మొదట అనుమానించేది దీన్నే. లేటెక్‌కు తప్పు తగిలితే ? గుర్తు చూపించి జవాబు కోసం ఆగుతుంది. వెనక నడుస్తున్నప్పుడు ఆ ? మనకు కనిపించదు, దానికి జవాబు అందదు. పైన ఇన్_ఐఓ దగ్గర 'నల్' అని పెట్టింది అందుకే: చదవడానికి ఏమీ లేదని ప్రోగ్రామ్‌కు వెంటనే తెలిసిపోతుంది. దాంతోపాటు మేక్‌ఫైల్లో -ఇంటరాక్షన్=నాన్‌స్టాప్‌మోడ్ కూడా పెట్టండి, తప్పు తగిలినా ఆగకుండా చివరిదాకా వెళ్తుంది.

చాలా ప్రోగ్రాములకు ఇలాంటి మీట ఒకటి ఉంటుంది. వేరే కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్‌కు బ్యాచ్‌మోడ్=ఎస్ (వై, ఇ, ఎస్ మూడక్షరాలు) అంటే పాస్‌వర్డ్ అడగదు, కీ లేకపోతే తప్పు చెప్పి బయటికొస్తుంది. సుడో కమాండ్‌కు -ఎన్. గిట్‌కు గిట్_టెర్మినల్_ప్రాంప్ట్=0. ప్రశ్న అడిగి కూర్చునే ప్రోగ్రామ్ కన్నా వెంటనే తప్పు చెప్పి ఆగే ప్రోగ్రామే వెనక నడపడానికి పనికొస్తుంది. మాటిమాటికీ జవాబు అడిగేది అయితే దాన్ని వెనక్కి పంపకండి. విమ్ 8.1 నుంచి :టెర్మినల్ ఉంది కదా, పక్క కిటికీలో అందులో నడపండి.

## అవుట్‌పుట్ ముద్దగా చివర్లో వస్తుంటే

పైథాన్ స్క్రిప్టు వెనక పెట్టారు, పది సెకన్లకొకసారి ఒక లైను పలకాలి. ఏమీ రాదు. చివర్లో అన్నీ ఒక్కసారిగా దిగుతాయి. ఇందులో విమ్ తప్పు లేదు. ఎదురుగా టెర్మినల్ ఉంటే ప్రోగ్రాములు లైను లైనుగా పంపుతాయి, గొట్టం ఉంటే పెద్ద మూటగా పోగుచేసి పంపుతాయి. పైథాన్‌కు -యూ ఇవ్వండి. సీలో రాసిన చాలా ప్రోగ్రాములకు ముందు ఎస్‌టీడీబఫ్ -ఓఎల్ (ఓ చిన్నక్షరం, ఎల్ పెద్దక్షరం) తగిలిస్తే సరిపోతుంది.

ఇంకో జాగ్రత్త. వరుస, ముగిసింది లాంటి, కబురు రాగానే విమ్ పిలిచే ఫంక్షన్లను కాల్‌బ్యాక్‌లంటారు. విమ్ వీటన్నిటినీ తన సొంత సమయంలోంచే నడుపుతుంది. వరుస ఫంక్షన్‌లో సిస్టమ్() పిలిచి ఇంకో ప్రోగ్రామ్ కోసం కాచుకుంటే, వద్దనుకున్న ఆగుడే మళ్లీ వస్తుంది. కాల్‌బ్యాక్‌లో చేర్చడం, గుర్తుపెట్టడం వంటి చిన్న పనులే ఉండాలి.

## ఆపడం, వదిలి వెళ్లడం

ఆపాలంటే :కాల్ జాబ్_స్టాప్(జి:పని). ఇది మర్యాదగా టెర్మ్ సిగ్నల్ పంపుతుంది. మాట వినకపోతే జాబ్_స్టాప్(జి:పని, 'కిల్'). లినక్స్‌లో ఈ సిగ్నల్ ఆ జాబ్ గుంపు మొత్తానికి అందుతుంది, కాబట్టి షెల్ ద్వారా లేపిన ప్రోగ్రామ్ కూడా దాంతోపాటే ఆగుతుంది.

విమ్ మూసేస్తే? ప్రత్యేకంగా చెప్పకపోతే నడుస్తున్న జాబ్‌లకు విమ్ టెర్మ్ పంపి మరీ వెళ్తుంది. పుస్తకం కూర్పుకు అదే మంచిది. బ్యాకప్‌కు కాదు. మన నెల్లూరు తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల భయం ఉంటుంది. కరెంటు పోయి యూపీఎస్ కూత పెడుతుంటే కస్టమర్ల ఫైళ్లు బయటి డిస్కులోకి చేరాయా లేదా అన్నదే టెన్షన్. అందుకే రోజూ ఆర్‌సింక్ నడవాలి, నేను విమ్ మూసి ఇంటికి బయల్దేరినా అది ఆగకూడదు. ఇలా:

```
లెట్ జి:దాపు = జాబ్_స్టార్ట్(['ఆర్‌సింక్', '-ఏ', 'పుస్తకాలు/', '/మీడియా/డిస్కు/పుస్తకాలు/'], {'స్టాప్‌ఆన్‌ఎగ్జిట్': '', 'ఇన్_ఐఓ': 'నల్', 'అవుట్_ఐఓ': 'ఫైల్', 'అవుట్_నేమ్': 'దాపు.లాగ్', 'ఎర్_ఐఓ': 'అవుట్'})
```

స్టాప్‌ఆన్‌ఎగ్జిట్‌ను ఖాళీగా పెడితే విమ్ దాన్ని ఆపదు. కానీ ఆ ఒక్కటే పెట్టి ఊరుకుంటే పప్పులో కాలేసినట్టే. అవుట్‌పుట్ ఇంకా విమ్ వైపు గొట్టంలోకే పోతుంటే, విమ్ పోగానే ఆ గొట్టం తెగి, తర్వాత ఒక్క మాట పలకబోయినా ప్రోగ్రామ్ కూలిపోవచ్చు. అందుకే మాటల్ని ఫైల్లోకి మళ్లించాను, తప్పుల్ని కూడా అదే ఫైల్లోకి చేర్చాను. పొద్దున వచ్చాక ఆ లాగ్ చూస్తే చాలు.

## వేరే ఎడిటర్ వాడేవాళ్లకు

నియోవిమ్‌లో ఫంక్షన్ పేరు జాబ్‌స్టార్ట్, మధ్యలో అండర్‌స్కోర్ లేదు. ఆన్_ఎస్‌టీడీఅవుట్, ఆన్_ఎగ్జిట్ అని ఇవ్వాలి. అది లైన్లను ఒక్కొక్కటిగా కాక జాబితాగా ఇస్తుంది, ఆ జాబితా మొదటి, చివరి ముక్కలు సగం లైన్లు కావచ్చు. గత జాబితా చివరి ముక్కను ఈ జాబితా మొదటి ముక్కకు అతికించుకోవాలి, లేదా ఎస్‌టీడీఅవుట్_బఫర్డ్ అని పెట్టి అంతా ఒకేసారి తీసుకోవాలి.

ఈమ్యాక్స్ వాళ్లకు ఇంత శ్రమ లేదు. ఆల్ట్-ఎక్స్ కంపైల్ మొదటి నుంచీ వెనకే నడుస్తుంది, తప్పుల మీదకు తీసుకెళ్లే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. మామూలు కమాండ్‌కు ఆల్ట్-&.

వీఎస్ కోడ్‌లో టాస్క్స్.జేసన్ ఫైల్లో పని రాసుకుని కంట్రోల్-షిఫ్ట్-బి కొడితే అది టెర్మినల్ ప్యానెల్లో నడుస్తుంది, ఎడిటర్ ఆగదు. ఎప్పటికీ ముగియకుండా ఫైళ్లను కాపు కాసే పని అయితే ఈజ్‌బ్యాక్‌గ్రౌండ్ అని పెట్టాలి. ఒక విడత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ప్రాబ్లమ్ మ్యాచర్‌లో చెప్పాలి. లేకపోతే ఆ పని మీద ఆధారపడిన తర్వాతి పని ఎప్పటికీ మొదలుకాదు.

## ఏమీ జరగనప్పుడు

అన్నీ సరిగ్గా పెట్టినా జాబితాలో ఏమీ రాకపోతే ముందు :ఎకో జాబ్_ఇన్ఫో(జి:పని) చూడండి. ఎగ్జిట్‌వాల్ దగ్గర 127 ఉంటే షెల్‌కు ఆ ప్రోగ్రామ్ దొరకలేదని. డెస్క్‌టాప్ బొమ్మ మీద నొక్కి తెరిచిన జీవిమ్‌కు (సొంత కిటికీలో తెరుచుకునే విమ్), టెర్మినల్‌లో మీరు పెట్టుకున్న పాత్, అంటే ప్రోగ్రాముల్ని వెతకాల్సిన ఫోల్డర్ల జాబితా, తెలియకపోవచ్చు. ప్రోగ్రామ్ పూర్తి చిరునామా ఇచ్చి చూడండి. టెర్మ్‌సిగ్ దగ్గర ఏదైనా ఉంటే దాన్ని ఎవరో సిగ్నల్ పంపి ఆపారని.

అప్పటికీ తేలకపోతే జాబ్ మొదలుపెట్టే ముందు :కాల్ సీహెచ్_లాగ్‌ఫైల్('/టెంప్/విమ్.లాగ్') అనండి. విమ్‌కూ ఆ ప్రోగ్రామ్‌కూ మధ్య వెళ్లిన ప్రతి మాటా, ఏ క్షణాన వెళ్లిందో ఆ సమయంతో సహా అందులో పడుతుంది. ప్రోగ్రామ్ ఏమీ పలకలేదా, పలికినా కాల్‌బ్యాక్‌కు చేరలేదా, చేరినా ఎర్రర్‌ఫార్మాట్ గుర్తుపట్టలేదా అన్నది ఆ లాగ్ చదివితే తేలిపోతుంది. పని అయ్యాక అదే ఫంక్షన్‌కు ఖాళీ కోట్స్ ఇచ్చి ఆపేయండి, లేకపోతే ఆ ఫైలు పెరుగుతూనే పోతుంది.